కమలా తొక్క, పూల టీకి గాజు టీపాట్: చూడాల్సింది బుట్ట లోతు

600 మిల్లీలీటర్లు పట్టే గాజు టీపాట్, లోపల పైకి ఎత్తి తీసేసే స్టీలు బుట్ట, సిలికాన్ రింగు ఉన్న మూత. కమలా, నిమ్మ తొక్కలతో, పూలతో ఇంట్లో టీ చేసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది. అయితే ఇలాంటివి కొనేటప్పుడు గాజు తళుకు కన్నా ముందు బుట్టను చూడాలి. దీని బుట్ట దాదాపు అడుగుదాకా దిగుతుంది. బుట్ట పొట్టిగా ఉంటే, ఒక్క కప్పుకు నీళ్లు పోసినప్పుడు ఆకు తడవనే తడవదు.

బుట్ట వెడల్పుగా ఉండడం మరో మేలు. ఎండు పూలు నీళ్లలో బాగా ఉబ్బుతాయి. గొలుసుకు వేలాడే చిన్న బంతి జల్లెడలో అవి కుక్కినట్టయిపోతాయి, లోపలి పూలకు నీళ్లే అందవు.

అసలు చిక్కు టైము దగ్గర వస్తుంది. ఎండు చామంతి, గులాబీ రేకుల సారం దిగడానికి 5 నుంచి 7 నిమిషాలు కావాలి. బ్లాక్ టీ ఆకు 4 నిమిషాలు దాటితే వగరెక్కుతుంది. తొక్కలోని వాసన నూనె వేడికి ఆవిరైపోతుంది కాబట్టి దాన్ని చివర్లో వేయాలి. మూడూ ఒకేసారి వేస్తే పూలు చప్పగానైనా ఉంటాయి, ఆకు వగరుగానైనా మారుతుంది. మూత తీయగానే బుట్ట నోరు బారుగా కనిపిస్తుంది కాబట్టి ఇందులో ఒకదాని తర్వాత ఒకటి వేసుకోవడం తేలిక.

500 మిల్లీలీటర్లకు లెక్క ఇది. ముందు వేడినీళ్లతో పాట్ తొలిచి పారబోయండి. బుట్టలో టేబుల్ స్పూను ఎండు గులాబీ రేకులో, రెండు టీస్పూన్ల చామంతో వేసి, మరిగిన నీళ్లు పోసి మూత పెట్టండి. 3 నిమిషాలకు 5 గ్రాముల బ్లాక్ టీ వేయండి. ఇంకో నిమిషానికి బొటనవేలంత పొడవున్న రెండు తొక్క ముక్కలు వేయండి. మరో 2 నిమిషాలకు బుట్ట ఎత్తేయండి. తాజా పూలైతే మూడు రెట్లు పడతాయి.

పల్చటి గాజు త్వరగా చల్లారుతుంది. బ్లాక్ టీకి ఇది లోపమే, అందుకే ముందు తొలవడం. గ్రీన్ టీకి మాత్రం ఇదే కలిసొస్తుంది: పూలు నానేసరికి నీళ్లు చల్లారతాయి, 80 డిగ్రీలకు దిగాక ఆకు వేసి 2 నిమిషాల్లో తీసేస్తే చేదు రాదు.

చేదు వచ్చిందంటే చాలాసార్లు తప్పు తొక్కది. పీలర్‌ను తేలిగ్గా లాగి, రంగున్న పై పొరే తీయాలి. లోపలి తెల్ల పొర చేదు. పండు మీద మైనపు పూత ఉండొచ్చు, వేడినీళ్లలో రుద్ది కడగండి. గులాబీ రేకు మొదట్లో ఉండే తెల్లటి భాగం కూడా చేదే, గిల్లేయండి. అలంకరణ కోసం అమ్మే పూల మీద పురుగుమందు ఉండొచ్చు, అవి వద్దు. తినదగినదని కచ్చితంగా తెలియని పువ్వు అసలే వద్దు, గన్నేరు విషం.

గాజు కావడం వల్ల రంగు చూస్తూ ఆపుకోవచ్చు. శంఖపుష్పం నీలం, నాలుగు చుక్కల నిమ్మరసంతో ఊదా రంగుకు తిరగడం చూడటానికి ఎంత బాగుంటుందో! రసం మాత్రం బుట్ట తీశాక కప్పులోనే పిండండి. నిమ్మ పడితే బ్లాక్ టీ రంగు తేలిపోతుంది, పలచబడిందని ఇంకా ఆకు వేయకండి. మందార, నిమ్మ పడ్డ టీలో పాలు పోస్తే విరిగిపోతాయి.

లోపాలూ ఉన్నాయి. అంచుదాకా నింపితే ముక్కు నుంచి కారుతుంది, 500 దగ్గర ఆపాలి. చామంతి పొడి బుట్ట రంధ్రాల్లోంచి జారి అడుగున పేరుకుంటుంది. బోరోసిలికేట్ గాజు వేడినీళ్లకు తట్టుకుంటుంది కానీ, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మరిగే నీళ్లు పోస్తే పగలొచ్చు. స్టవ్ మీద పెట్టవచ్చని పెట్టె మీద రాసి లేకపోతే మంట మీద పెట్టకండి.

అన్నిటికన్నా విసిగించేది సిలికాన్ రింగు. తొక్క నూనె వాసన పట్టేసి, మర్నాటి మామూలు టీలో కూడా కమలా వాసన వస్తుంది. ప్రతిసారీ రింగు ఊడదీసి, సోడా ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, ఆరాకే తిరిగి బిగించండి. రింగు ఊడిరాని మోడల్ అయితే కొనకండి.