బెల్టా, షాఫ్టా? పర్లాకిమిడి నేల మీద ఆర్‌సీ టూరింగ్ కారు

పోటీ స్థాయి 1/10 (అసలు కారులో పదో వంతు సైజు) ఆర్‌సీ, అంటే రిమోట్‌తో నడిపే, టూరింగ్ కార్లు దాదాపు అన్నీ బెల్టు బండ్లే: మోటారు శక్తిని చక్రాలకు బెల్టులే చేరుస్తాయి. ఎక్స్‌రే, యొకోమో, టామియా టీఆర్‌ఎఫ్ లాంటి బ్రాండ్లలో ఏది విప్పినా మధ్యలో స్పర్ గేరు (మోటారు తిప్పే పెద్ద గేరు), అక్కడి నుంచి ముందుకో బెల్టు, వెనక్కో బెల్టు. మోటారు అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కినా బండి పక్కకు ఒరగదు. వెనక డిఫ్‌లో (రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) సిలికాన్ ఆయిల్ మారిస్తే మలుపులో తీరే మారిపోతుంది. కార్పెట్ ట్రాక్ మీద దీనికి ఎదురులేదు.

కానీ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో మన కుర్రాళ్లకు కార్పెట్ ఎక్కడిది? కాలేజీ సిమెంటు నేలో, ఖాళీ పార్కింగో. తెరిచి ఉన్న కార్బన్ ఛాసీలోకి ఇసుక వస్తుంది, చిన్న గులకరాయి పుల్లీలో ఇరికిందంటే బెల్టు పళ్లు పోతాయి. బిగువు కూడా చూసుకుంటూ ఉండాలి: వదులైతే పళ్లు జారతాయి, బిగిస్తే మోటారు శక్తి వృథా.

షాఫ్టు బండి, అంటే 2013లో వచ్చిన టామియా టీటీ-02 లాంటిది, ఈ గొడవ పెట్టదు. ప్లాస్టిక్ తొట్టి ఛాసీ, మూసిన గేరు పెట్టెలు, మధ్యలో బెల్టుకు బదులు శక్తిని చక్రాలకు చేర్చే ఒక కడ్డీ (షాఫ్టు). పొడవునా తిరిగే ఆ కడ్డీ, మోటారు వల్ల పికప్‌లో బండి కొంచెం ఒక పక్కకు వాలుతుంది, నిజమే. ఎడమ, కుడి మలుపులు ఒకేలా అనిపించవు. పోటీవాళ్లకు అది పెద్ద లోపం.

నన్నడిగితే ఇక్కడ మొదటి బండి షాఫ్టుదే. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో మంచి ట్రాక్ దొరికితే అప్పుడు బెల్టు కొనండి, రెండు బెల్టులు అదనంగా కూడా. బెల్టు పోయాక కొత్తదాని కొరియర్ కోసం ఎదురుచూడటం అంత టెన్షన్ ఇంకోటి లేదు.