గల్ఫ్ కార్మికుడికి ఏది మేలు: ఉమ్మడి వేదికా, రెండు దేశాల ఒప్పందమా, అక్కడి చట్టమా?

జగిత్యాల నుంచి సౌదీ వెళ్లినా, కడప నుంచి కువైట్ వెళ్లినా కార్మికుడి జీతం, పాస్‌పోర్టు, కంపెనీ మారే హక్కు మూడు చోట్ల తేలుతాయి. అవి ఆసియా, గల్ఫ్ దేశాలు కలిసి కూర్చునే వేదిక, రెండు ప్రభుత్వాలు రాసుకునే ఒప్పందం, పనిచేసే దేశపు చట్టం. ఒక్కటే ఎంచుకోమంటే మా ఓటు చట్టానికే. జీతం దగ్గర మాత్రం చట్టం ఒక్కటే సరిపోదు.

వేదికల సంగతి. కార్మికులను పంపే ఆసియా దేశాలు 2003లో కొలంబో ప్రాసెస్ మొదలుపెట్టాయి. ఇప్పుడు అందులో భారత్‌తో కలిపి 12 దేశాలున్నాయి. 2008లో వచ్చిన అబుదాబి డైలాగ్‌లో పంపే దేశాలతోపాటు ఆరు గల్ఫ్ దేశాలు, మలేసియా కూర్చుంటాయి. సచివాలయం యూఏఈ చేతిలో ఉంది. ఇక్కడ కుదిరిన మాట ఏ దేశాన్నీ కట్టడి చేయదు. ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణ, నైపుణ్య ధ్రువపత్రాల గుర్తింపు లాంటి పనులు ఇక్కడ ముందుకు సాగుతాయి. కార్మికుడి వీసాను యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతి దగ్గరికి వచ్చేసరికి మాట మెత్తబడుతుంది. అరబ్ దేశాలు తమలో తాము చేసుకున్న ఏర్పాట్లు మనవాళ్లకు అక్కరకు రావు. అరబ్ కార్మిక సంస్థ 1967లో, మళ్లీ 1975లో కార్మికుల రాకపోకలపై తెచ్చిన ఒడంబడికలు అరబ్ పౌరులకు ప్రాధాన్యమివ్వడానికి రాసుకున్నవి.

రెండు దేశాల ఒప్పందం అంతకంటే పదునైనది. 2018 ఫిబ్రవరిలో ఒక ఇంటిపని మహిళ మృతదేహం ఫ్రీజర్‌లో దొరికాక ఫిలిప్పీన్స్ కువైట్‌కు మనుషులను పంపడం ఆపేసింది. మే నెలలో ఒప్పందం కుదిరింది. పాస్‌పోర్టు లాక్కోకూడదని, ఫోన్ ఉంచుకోనివ్వాలని, జీతం బ్యాంకులో వేయాలని, వారానికో రోజు సెలవివ్వాలని అందులో రాశారు. అయినా 2020లో మరోసారి, 2023లో ఇంకోసారి పంపడం ఆగింది. భారత్ కూడా ఇంటిపనివారి కోసం 2014 జనవరిలో సౌదీతో, 2018లో కువైట్‌తో సంతకాలు చేసింది. వీటిని అమలు చేయాల్సింది ఉమ్మడి కమిటీలు. రెండు పక్షాలూ పిలిస్తేనే అవి కూర్చుంటాయి. జీతం ఎగ్గొట్టిన యజమానిపై ఆ కాగితం చూపి లేబర్ కోర్టులో దావా వేయడం కుదరదు.

జీతం దగ్గర అసలు చిక్కు బయటపడుతుంది. ఇంటిపనివారికి నెలకు 400 డాలర్లు ఇవ్వాలని ఫిలిప్పీన్స్ పట్టుబట్టింది. 2011లో సౌదీ వాళ్లకు వీసాలు ఆపేసింది. చివరికి 2013లో ఆ రేటుకే ఒప్పుకుంది. అంటే దాదాపు 1,500 రియాళ్లు. 2015లో బంగ్లాదేశ్ అదే పనికి 800 రియాళ్లకు సంతకం చేసింది. అదే వంటిల్లు, అవే గంటలు, జీతం సగం. మన దేశమూ ఆ దారే పట్టింది. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్‌కు కనీస రిఫరల్ వేతనాలను, అంటే ఇంతకంటే తక్కువకు పంపకూడదని తాను పెట్టే రేట్లను, 30 నుంచి 50 శాతం తగ్గించింది. వ్యవహారం తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లింది. 2021లో పాత వేతనాలే తిరిగొచ్చాయి. ఒక దేశం రేటు పెంచితే పక్క దేశం తక్కువకు వస్తుంది. ఈ పోటీని ఆపగలిగేది ఉమ్మడి మాట ఒక్కటే. అయితే ఆ మాట యజమాని దేశాలు కూడా కూర్చునే అబుదాబిలో పుట్టదు. పంపే దేశాలు ముందు కొలంబో ప్రాసెస్‌లో ఒక కనీస రేటుకు కట్టుబడాలి, అక్కడికి ఆ తర్వాతే వెళ్లాలి.

ఇక చట్టం. ఖతర్ 2020లో చట్టం మార్చి కంపెనీ మారడానికి యజమాని ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అక్కర్లేదంది. రెండేళ్లలోపు సర్వీసుంటే నెల, దాటితే రెండు నెలల నోటీసు చాలు. 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్లు. తిండి, బస యజమాని ఇవ్వకపోతే వరుసగా మరో 300, 500 కలపాలి. ఏ దేశం వాడైనా, ఇంటిపనైనా ఇదే లెక్క. కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటిపనికిచ్చే 20 నంబరు వీసా మీద వెళ్లే మన ఖద్దామాలకు (ఇంటిపని మహిళలకు) కూడా రోజుకు 12 గంటల పరిమితి, వారపు సెలవు, పని ముగిశాక ఏడాదికి నెల జీతం చొప్పున గ్రాట్యుటీ ఇచ్చింది. ఒప్పందమైతే సంతకం చేసిన దేశం వాళ్లకే వర్తించేది.

చట్టానికీ కంతలున్నాయి. సౌదీ 2021 మార్చి 14న తెచ్చిన సంస్కరణ ఏడాది తర్వాత కంపెనీ మారనిస్తుంది. ఇంటిపనివారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెల కాపరులు మాత్రం దాని పరిధిలోకి రారు. తెలంగాణ నుంచి ఎడారికి వెళ్లేవారిలో కాపరులు, డ్రైవర్లు ఎంతమందో ఊళ్లలో అడిగితే తెలుస్తుంది. వీళ్లలో ఇంటిపనివారికి సౌదీ విడిగా రాసిన నిబంధనలు, 2014 నాటి ఒప్పందం ఉన్నాయి. రెండో కంత హురూబ్, అంటే కార్మికుడు పారిపోయాడనే నమోదు. కార్మికుడు ఫిర్యాదు చేయడానికి బయటికొస్తే కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) అతను పారిపోయాడని నమోదు చేయిస్తాడు. అకామా (నివాస అనుమతి) పోవచ్చు, మనిషి ఖల్లివెల్లి (అనుమతి లేనివాడు) కావచ్చు, జీతం కేసు అక్కడే ఆగవచ్చు. అందుకే పని వదలకముందే ఫిర్యాదు చేసి ఆ నంబరు దగ్గర పెట్టుకోవాలి.

భారత్ ఉమ్మడి కమిటీల్లో పట్టుబట్టాల్సిన మొదటి విషయం ఇదే: జీతం ఫిర్యాదు నడుస్తుండగా హురూబ్ చెల్లకూడదు. రెండోది భాష. యూఏఈ 2016 నుంచి ఆఫర్ లెటర్‌ను కార్మికుడికి అర్థమయ్యే భాషలో చూపి సంతకం తీసుకోవాలంటోంది. అప్పుడు ప్రకటించిన 11 భాషల్లో హిందీ, మలయాళం, తమిళం, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. దాన్ని చేర్పించడానికి కొత్త ఒప్పందం అక్కర్లేదు, రెండు తెలుగు ప్రభుత్వాలు కలిసి ఒక లేఖ రాసి విదేశాంగ శాఖ వెంటపడాలి.