తపసి చెట్టు: బెరడుకు నూటికి నూరు, కాయకు సున్నా

తపసి చెట్టు బెరడు చూడాలంటే ఫిబ్రవరిలో చూడాలి. ఆకంతా రాలిపోయి కాండం, కొమ్మలు, రెమ్మలు తెల్లగా బయటపడి ఉంటాయి. పూర్తి తెలుపు కాదు. కొంత బూడిద, కొంత లేత ఆకుపచ్చ, సాయంత్రం ఎండ పడితే కాస్త గులాబి ఛాయ. పైపొర ఉల్లిపొరలా పలచగా లేచి చిన్న చిన్న చుట్టలై ఊడిపోతుంది. కింద కొత్త బెరడు నున్నగా ఉంటుంది. వీధిదీపం వెలిగాక మా మధురవాడ సందు మొదట్లో నిలబడి చూస్తే ముందు కనబడేది ఈ చెట్టే. ఇన్నేళ్ళయినా నాకు ఆ కాండం మీద మోజు తీరలేదు. రోజుకోసారైనా చెయ్యి వేసి నిమరకుండా గేటు దాటను.

అమెరికాలో మా తమ్ముడి ఇంటి ముందు పేపర్‌బార్క్ మేపుల్ చూసినప్పటి నుంచీ నాకు బెరడు పిచ్చి పట్టుకుంది. దాల్చినచెక్క రంగులో పొరలు పొరలుగా ఊడే బెరడు. అది మధ్య చైనాలో చలి కొండల మీద పుట్టిన చెట్టు, 1901లో ఇంగ్లండ్ చేరింది. చలికాలంలో గట్టి చలి తగిలి కొన్నాళ్ళు నిద్రపోతేనే దానికి బతుకు. జనవరిలో కూడా దుప్పటి మీదా ఫ్యాను మీదా ఇంట్లో వాదన జరిగే వైజాగ్‌లో ఆ ఆశ పెట్టుకోలేం. పాడేరు వైపు టీచరుగా చేస్తున్న మా తోడికోడలే దారి చూపించింది. "అక్కా, మేపుల్ ఆకు కావాలా, ఊడే బెరడు కావాలా? రెండూ మన కొండల మీదే ఉన్నాయి" అంది. ఆ మాట నిజమే. తపసి ఆకు ఐదు కొసలతో మేపుల్‌ను గుర్తుకు తెస్తుంది, కాకపోతే అరచేతికంటే బాగా పెద్దది, అడుగున మెత్తటి నూగు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా గేటు పక్క తురాయిని వేళ్ళతో సహా పెకలించేసింది. ఆ ఖాళీలోనే ఈ మొక్క నాటాం. పెంపకం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కంకర కలిసిన ఎర్రమట్టి, నీళ్ళు నిలవని వాలు. అవి ఉంటే దాని పని అది చేసుకుపోతుంది.

చెప్పాల్సింది కాయల గురించి. చాలా ఏళ్ళు పూతే లేదు. తర్వాత ఒక చలికాలం మోడు కొమ్మల చివర పసుపు పచ్చని చిన్న పూలు గుత్తులుగా వచ్చాయి. వేసవికి కాయలు ఎర్రబడ్డాయి. ఐదేసి కాయలు నక్షత్రం ఆకారంలో ఒకచోట కలిసి, తెల్ల కొమ్మల మీద ఎంత బాగున్నాయో! ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. దూరం నుంచి నూగులా కనబడినవి సన్నటి ముళ్ళు. కాయ ఎండేకొద్దీ రాలతాయి. అప్పట్లో మా బట్టల దండెం ఆ చెట్టుకూ గోడకూ మధ్య ఉండేది. మధ్యాహ్నం గాలి బాగా వీచింది, సాయంత్రం తువ్వాళ్ళు తీసి మడతపెట్టాం. రాత్రి స్నానం చేసి ఒళ్ళు తుడుచుకున్నాక మా వారికి మెడా వీపూ మంట. చెమటకాయలనుకుని పౌడరు వేసి రుద్దారు, దాంతో ఇంకా లోపలికి దిగాయి. కాసేపటికి మా అమ్మాయి కూడా మొదలుపెట్టింది. గొంగళిపురుగు పాకి ఉంటుందని మా అత్తగారు ఇద్దరికీ పసుపూ కొబ్బరినూనే పట్టించారు. రాత్రంతా టెన్షనే, ఎవరికీ నిద్ర లేదు. తెల్లారాక తువ్వాలును ఎండకు ఎదురుగా పట్టి చూస్తే అప్పుడు కనబడ్డాయి.

తోడికోడలికి ఫోన్ చేశాను. "అయ్యో, కాయలు ముదరనిచ్చారా? ఇక్కడ గింజలు వేయించుకు తింటారు గానీ కాయను ఉత్తచేత్తో ఎవరూ ముట్టరక్కా" అంది. ప్యాకింగ్ టేపు ఒంటికి అంటించి లాగితే చాలావరకు వచ్చేశాయి. తువ్వాళ్ళు ఉతికి వాడదామంటే ఎవరికీ ధైర్యం చాలక పారేశాం. దండెం మేడ మీదికి మారింది. ఇప్పుడు ఏటా కాయలు పచ్చిగా ఉండగానే మనిషిని పెట్టి దోటితో కోయిస్తున్నాం. ఆ కూలీ ఖర్చు ఈ చెట్టు ఉన్నంత కాలం ఉంటుంది.

ఈ చెట్టుకు పనే ఉండదని మొదట్లో అందరికీ చెప్పేదాన్ని. నీళ్ళ విషయంలో ఇప్పటికీ అదే మాట, వేరు పట్టేదాకా ఎండాకాలంలో పోస్తే చాలు. నీడ మాత్రం వానాకాలంలోనే. సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో కారు నిప్పుల్లో నిలబడుతుంది. ఆకు లేనప్పుడు "చచ్చిన చెట్టు ఇంటి ముందు ఎందుకమ్మా, కొట్టించెయ్" అని వచ్చేపోయేవాళ్ళు చెప్పే సలహాలకూ సిద్ధపడాలి.

ఇంకొకటి. ఎవరో టు-లెట్ బోర్డు తగిలించడానికి దీనికి మేకు కొట్టారు. మర్నాటికి బంక కారి గడ్డకట్టింది. ఈ బంకనే గిరిజనుల దగ్గర గిరిజన సహకార సంస్థ కొంటుంది, ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్ళోనే. కట్టుడు పళ్ళు అంటించే పొడుల్లో, మలబద్ధకానికి ఇచ్చే మందుల్లో వాడతారు. బంక కోసం లోతుగా, ఇష్టం వచ్చినట్టు గాట్లు పెడితే చెట్టే చచ్చిపోతుంది. మాది చావలేదు గానీ మచ్చ అలాగే ఉండిపోయింది. కాయల రాత్రి కన్నా ఆ మచ్చే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మాకు కొండవాలు ఉంది, పసిపిల్లలు లేరు, కాయలు కోయించే ఓపిక ఉంది. కాబట్టి ఇంకో స్థలం ఉంటే ఇంకోటి నాటుతాను. వాన పడితే నీళ్ళు నిలిచే వీధుల్లో ఉన్నవాళ్ళకూ, పాకే వయసు పిల్లలున్న ఇళ్ళకూ చెప్పను. నీడే కావాలంటే కానుగ మేలు. పెట్టే ఉద్దేశం ఉంటే నర్సరీల్లో అడిగి చూడండి, నాకైతే ఇక్కడ దొరకలేదు. మాది పాడేరు నుంచి బస్సులో వచ్చిన మొక్క.