సి షిఫ్టులో 'నైట్ షిఫ్ట్': పదిహేనేళ్లుగా నా దగ్గరున్న ఇరవై కథలు

పేరు చూసి కొన్న పుస్తకం ఇది. 2010లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో దొరికింది. అట్ట ఎప్పుడో ఊడిపోయింది. లోపలి పేజీ మీద 'నైట్ షిఫ్ట్' అని కనబడగానే చెయ్యి ఆగిపోయింది. అప్పటికి నేను జీడిమెట్ల వైపు ఒక మందుల కంపెనీలో చేరి ఏడాది. నెలలో పది రోజులు సి షిఫ్ట్, రాత్రి పదిన్నర నుంచి పొద్దున్న ఆరున్నర దాకా. ముప్పై రూపాయలకి తెచ్చుకుని పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకున్నాను. ఆ అట్ట ఇప్పటికి మూడుసార్లు మారింది. నడుమ జిగురు వదిలేస్తే బైండింగ్ షాపులో దారంతో కుట్టించాను. ఇన్నేళ్లూ నాతో ఉన్న పుస్తకం ఇంకోటి లేదు కాబట్టి దీని గురించి తీరిగ్గా రాయాలనిపించింది.

భయం కథలు రాసే అమెరికన్ రచయిత స్టీఫెన్ కింగ్ మొదటి కథల సంపుటి ఇది. 1978లో వచ్చింది, అప్పటికి ఆయనకి ముప్పై ఏళ్లు. మొత్తం ఇరవై కథలు. ఎక్కువ భాగం అంతకుముందే పత్రికల్లో పడ్డవి, అందులోనూ 'కావలియర్' అనే పత్రికలో వచ్చినవి చాలా ఉన్నాయి. బడిపంతులు జీతం చాలని రోజుల్లో ఒక్కో కథకి వచ్చే చెక్కుతో ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి రాసినవి. ఆ అవసరం కథల్లో తెలుస్తుంది. మొదటి పేజీలోనే మనల్ని పట్టుకోవాలి, పదిహేను ఇరవై పేజీల్లో పని ముగించాలి.

దయ్యం కథల రుచి నాకు అమ్మమ్మ పెట్టింది. ఊళ్లో కరెంటు పోగానే పిల్లలందరం అరుగు మీదికి చేరేవాళ్లం. కొరివిదయ్యం కథ మొదటిసారి వింటే ఒళ్లు జలదరిస్తుంది, రెండోసారికి సగం, మూడోసారికి మనమే ముందు చెప్పేస్తాం. అమ్మమ్మకి ఆ సంగతి తెలుసు. ఒక రాత్రి దయ్యం కథ చెబితే మర్నాడు దిగుడుబావిలో శవం తేలిన కథ చెప్పేది. ఆ మర్నాడు దారికాచి దోచే దొంగల కథ. ఈసారి ఏది వస్తుందో మాకు అంతుపట్టేది కాదు, ఆ అంతుపట్టకపోవడమే భయం. 'నైట్ షిఫ్ట్' చదువుతుంటే మళ్లీ ఆ అరుగు మీద కూర్చున్నట్టు ఉంటుంది. పెద్ద భయం నవల చేతికి తీసుకుంటే వంద పేజీలు దాటేసరికి మన శత్రువు ఎవరో తెలిసిపోతుంది, అక్కడి నుంచి గుండె దిటవు చేసుకుంటాం. ఇక్కడ ఒక కథలో ఎలుకలు, తరవాతి కథలో ఫ్లూ, ఆ తరవాత శుక్రగ్రహం దాకా వెళ్లొచ్చిన వ్యోమగామి వేళ్ల మీద తెరుచుకునే కళ్లు. ఒకదానికి కట్టుకున్న ధైర్యం రెండోదానికి పనికిరాదు.

నా ఉద్యోగం వల్ల నాకు ఎక్కువ దగ్గరైంది 'ది మాంగ్లర్'. లాండ్రీలో దుప్పట్లని ఆవిరితో ఇస్త్రీ చేసి మడతపెట్టే పొడవాటి యంత్రం అక్కడ పనిచేసే ఒకామెని లోపలికి లాగేసుకుంటుంది. విన్నవాళ్లు దయ్యం పట్టిన ఇస్త్రీ మెషీనా అంటారు. షాప్ ఫ్లోర్ మీద పనిచేసేవాళ్లు అనరు. నేను టాబ్లెట్ కంప్రెషన్‌లో, అంటే మందు పొడిని మాత్రలుగా నొక్కే మెషీన్ దగ్గర ఉంటాను. దాని చుట్టూ ఉండే రక్షణ తలుపు తెరిస్తే మెషీన్ ఆగాలి, ఆగుతుంది. అయినా మాత్రని నొక్కే పంచ్‌లు తుడవడానికి చెయ్యి లోపల పెట్టిన ప్రతిసారీ మెడ వెనక సన్నగా చల్లబడుతుంది. ఈ కథలో యంత్రానికి సేఫ్టీ బార్ ఉంది. ప్రమాదం తరవాత ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూస్తారు, యంత్రంలో ఏ లోపమూ లేదని తేలుస్తారు. నన్ను వణికించింది ఆ ముక్కే. రక్తం వర్ణించిన పేజీలు తరవాత తిప్పేసినా, 'లోపం లేదు' అన్న చోట మాత్రం ఇప్పటికీ ఆగుతాను. కింగ్ చదువైపోయాక కొన్నాళ్లు లాండ్రీలో పనిచేశాడు. అక్కడ ఒకాయనకి చేతుల బదులు ఇనుప కొక్కేలు ఉండేవని, ఆ చేతులు అలాంటి యంత్రంలోనే పోయాయని కింగే తరవాత రాసుకున్నాడు. నిజంగా అక్కడ నిలబడి చూసిన మనిషికే ఆ ఆవిరి, ఆ ఉక్క, ఆ చప్పుడు అలా రాయడం కుదురుతుంది.

'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్' కూడా అంతే. బట్టల మిల్లు అడుగున ఏళ్ల తరబడి ఎవరూ దిగని సెల్లార్, దాన్ని కడగడానికి సెలవు రోజుల్లో రాత్రి షిఫ్ట్. ఎలుకలున్నాయి, లోపలికి పోయేకొద్దీ పెద్దవవుతాయి. కానీ కథని నడిపించేది ఫోర్‌మన్‌కీ ఒక పనివాడికీ మధ్య ముదిరే పంతం. 'ఇంకొంచెం ముందుకు పద' అని ఇద్దరూ ఒకరినొకరు నెట్టుకుంటూ పోతారు. రాత్రి రెండున్నరకి క్యాంటీన్‌లో టీ గ్లాసు పక్కన పెట్టుకుని ఇది చదివాను. చదివి మళ్లీ ఫ్లోర్ మీదికి వెళ్లేటప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడ్డాను.

దయ్యమే లేని కథలు ఈ పుస్తకానికి వెన్నెముక అని రెండోసారి చదివినప్పుడు గానీ నాకు తెలియలేదు. 'ది లెడ్జ్'లో ఒకడు పందెం మీద నలభై మూడో అంతస్తు చుట్టూ బయటి అంచు మీద నడవాలి. అంచు వెడల్పు ఐదంగుళాలు. స్కేలు పెట్టి చూశాను, నా అరిచెయ్యంత కూడా లేదు. మధ్యలో ఒక పావురం వచ్చి అతని చీలమండని పొడుస్తుంది. కదిలితే పడతాడు, కదలకపోతే అది పొడుస్తూనే ఉంటుంది. మంత్రం లేదు, తంత్రం లేదు, గాలి, గోడ, ఒక పక్షి, అంతే. నా అరికాళ్లకి చెమట పట్టింది. 'క్విటర్స్ ఇంక్'లో సిగరెట్ మాన్పించే కంపెనీ ఉంటుంది. మానకపోతే వాళ్లు మనిషిని వదిలేసి అతని భార్యని శిక్షిస్తారు. ఇలాంటివి రెండు చదివాక తరవాతి కథలో నిజంగానే పిశాచం వస్తే, దాన్నీ నమ్మేసే స్థితిలో ఉంటాం. ఇరవై కథలూ దయ్యాలవే అయితే ఈ పని జరిగేది కాదు.

కోవిడ్ లాక్‌డౌన్‌లో మందుల కంపెనీలకి సెలవు లేదు. 2020 ఏప్రిల్‌లో ఖాళీ రోడ్ల మీద కంపెనీ బస్సులో పోతూ 'నైట్ సర్ఫ్' మళ్లీ తీశాను. ఫ్లూ వచ్చి దాదాపు అందరూ పోయాక సముద్రం ఒడ్డున మిగిలిన కొద్దిమంది కుర్రాళ్ల కథ. అంతకుముందు పదేళ్లూ ఏమీ జరగని కథ అని దాన్ని దాటేసేవాణ్ణి. ఆ రోజు బస్సులో సీటు విడిచి సీటు కూర్చున్న మా అందరి మాస్కుల మధ్య చదివితే ఒక్క వాక్యం కూడా దాటలేకపోయాను. తమకి ఒకసారి వేరే రకం ఫ్లూ వచ్చిపోయింది కాబట్టి ఇది రాదని వాళ్లు నమ్ముతుంటారు. అప్పట్లో మా ఫ్లోర్ మీద ఎవరి నమ్మకం వాళ్లకుండేది. పుస్తకం మారలేదు, నేను మారితే అందులో ఒక కథ కొత్తగా తెరుచుకుంది. ఇన్ని రకాలు ఒకచోట ఉండడం వల్ల ఎప్పుడో ఒకప్పుడు ఒక్కోదాని వంతు వస్తుంది.

అన్నీ బాగున్నాయని చెప్పను. 'ది లాన్‌మోవర్ మ్యాన్' నాకు ఎన్నిసార్లు చదివినా అతకలేదు, వింత ఉంది గానీ భయం లేదు. 'ఐ నో వాట్ యూ నీడ్' నాలుగో పేజీకే తెలిసిపోతుంది. చాలా కథల్లో ఆడవాళ్లు భార్యలుగానో బాధితులుగానో వచ్చి పోతారు, అది ఇప్పుడు చదివితే గుచ్చుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది మొదటి కథ. 'జెరూసలేమ్స్ లాట్' 1850 నాటి ఉత్తరాల రూపంలో, ఆనాటి ఇంగ్లీషులో నడుస్తుంది. తెలుగు మీడియంలో చదువుకున్న నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని కుస్తీ పట్టి, వారం రోజులు పుస్తకం పక్కన పడేశాను. నా దగ్గర తీసుకెళ్లిన ఇద్దరు స్నేహితులు అక్కడే ఆపి తిరిగిచ్చేశారు. మూడో ఆయనకి 'ది బూగీమాన్' పేజీ తీసి చేతిలో పెట్టాను. బట్టల బీరువాలోంచి వచ్చే బూచి వల్ల పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రి డాక్టర్ దగ్గర కూర్చుని జరిగింది చెబుతాడు, అంతా మాటల్లోనే నడుస్తుంది, ఇంగ్లీషు తేలిక. ఆయన మర్నాడు షిఫ్టుకి వచ్చి, రాత్రి లేచి బీరువా తలుపు గడియ పడిందో లేదో చూశానని చెప్పాడు. మీరూ అక్కడే మొదలుపెట్టండి, తరవాత 'ది లెడ్జ్', ఆ తరవాత మీ ఇష్టం. మొదటి కథని మాత్రం చివరికి దాచుకోండి. మంచు తుఫానులో జరిగే పంతొమ్మిదో కథ 'వన్ ఫర్ ది రోడ్' మొదటి కథలోని జెరూసలేమ్స్ లాట్ ఊరికే మళ్లీ వెళ్తుంది, రెండూ వెంట వెంట చదివితే రుచి వేరు.

నేను ఏటా ఒక్కసారైనా తీసేది 'ది లాస్ట్ రంగ్ ఆన్ ది లాడర్'. గడ్డి నింపిన కొట్టంలో అన్నాచెల్లెళ్లు పాత నిచ్చెన ఎక్కి కింది గడ్డిలోకి దూకే ఆట. నిచ్చెన విరుగుతుంది. ఇందులో దయ్యం లేదు, హంతకుడు లేడు. కింద అన్న ఏం చేస్తున్నాడో చూడకుండా, చెప్పగానే చేతులు వదిలేసిన చెల్లెలు ఉంది. నాకూ చెల్లెలుంది, వేరే దేశంలో ఉంటుంది. ఈ కథ చదివిన రోజు ఫోన్ చేస్తాను.

చివరి కథ 'ది వుమన్ ఇన్ ది రూమ్' జోలికి చాలాకాలం వెళ్లలేదు. క్యాన్సర్‌తో మంచం పట్టిన తల్లి, ఆమె నొప్పి చూడలేని కొడుకు. కింగ్ తల్లి 1973లో క్యాన్సర్‌తోనే పోయింది. 2019లో మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ ఈ పుస్తకం బీరువాలోంచి తియ్యలేదు. అమ్మ పోయిన రెండేళ్లకి, ఒక సి షిఫ్టు టీ బ్రేకులో చదివాను. ఆ కొడుక్కి ఇంట్లో నొప్పి మాత్రలు దొరికే చోట పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. మళ్లీ తెరిచి పూర్తిచేశాను. బ్రేక్ అయిపోయింది. గౌను, క్యాపు, గ్లవ్స్ వేసుకుని లోపలికి వెళ్లాను. ఆ రాత్రి మా మెషీన్‌లో నడుస్తున్న బ్యాచ్ కూడా నొప్పి మాత్రలదే.