రింగులా, కుచ్చులా, వేవా? కర్టెన్‌కు ఏ కుట్టు మేలు?

కర్టెన్ల షాపులో అడుగుపెట్టగానే తానులు విప్పి బట్ట చూపిస్తారు. రంగు, డిజైను, మీటరు ధర దగ్గరే గంట గడిచిపోతుంది. పైన ఏ కుట్టు, ఎంత బట్ట, లోపల లైనింగ్ ఉందా లేదా అన్నది చివర్లో, లేచి వచ్చేటప్పుడు తేలుస్తారు. ఇది తలకిందుల పద్ధతి. ఖరీదైన పట్టుబట్టను పీనాసిగా కుట్టిస్తే నాలుగు గజాల్లో సర్దిన చీరలా ఉంటుంది. మామూలు బట్టయినా కుచ్చులకు చాలినంత ఇచ్చి, లైనింగ్ వేసి కుడితే నిండుగా వేలాడుతుంది. అందుకే ముందు కుట్టు సంగతి, తర్వాతే బట్ట.

ఒకే కిటికీకి మూడు రకాలుగా లెక్క వేసి చూద్దాం. కిటికీ వెడల్పు 72 అంగుళాలు. రాడ్‌ని రెండు పక్కలా 12 అంగుళాల చొప్పున బయటికి తీస్తే 96. ఇలా తీయకపోతే, కర్టెన్ తెరిచినా బట్ట అంతా అద్దం మీదే పోగుపడి సగం వెలుతురు ఆపేస్తుంది. రాడ్ నుంచి నేలదాకా 108 అంగుళాలు. కింద 4 అంగుళాల మడత రెండుసార్లు, పైన మరో 4 కలిపితే ఒక్కో ముక్క 120 అంగుళాలు కత్తిరించాలి. బట్ట పన్నా 54 అంగుళాలు అనుకుందాం.

బట్టకు పైన బెజ్జాలు చేసి రింగులు బిగించి, వాటిలోంచే రాడ్ గుచ్చేది రింగుల కర్టెన్. దీనికి రాడ్ వెడల్పుకు రెండింతల బట్ట కావాలి. 192ను 54తో భాగిస్తే మూడున్నర దాటుతుంది కాబట్టి 4 పన్నాలు (నిండు వెడల్పు ముక్కలు), అంటే 12.2 మీటర్లు. మూడు పన్నాలతో సరిపెట్టేస్తానని టైలర్ అంటే ఒప్పుకోకండి. మూసినప్పుడు మడతలన్నీ సాగిపోయి దుప్పటి ఆరేసినట్టు కనిపిస్తుంది. రింగుల లెక్కలో తప్పు జరిగే చోటు ఇంకొకటి ఉంది. కర్టెన్ మధ్యలో రెండుగా తెరుచుకుంటుంది కాబట్టి ఒక్కో రెక్కకు 2 పన్నాలు. పక్క మడతలూ అతుకూ పోగా 100 అంగుళాలు మిగులుతాయి. రెండు చివర్లా 2 అంగుళాలు వదిలి ఆరేసి అంగుళాలకు ఒక రింగు పెడితే 17 వస్తాయి. బేసి సంఖ్య వస్తే ఒక చివర గోడవైపు, ఇంకో చివర గదివైపు తిరిగి నిలబడుతుంది. అందుకే 16 రింగులు పెట్టి, మధ్య దూరం 6.4 అంగుళాలు చేయాలి. రెండు చివర్లూ గోడవైపే తిరుగుతాయి. 17 రింగులతో వచ్చిన కర్టెన్‌ని సరిచేయడం కుదరని పని, ఎందుకంటే బట్టకు బెజ్జాలు పడిపోయాయి.

రింగుల్లో ఉన్న సుఖం ఉతుకు. రాడ్ తీసి, కర్టెన్ లాగేసి, వాషింగ్ మెషీన్‌లో వేసి, మళ్లీ గుచ్చేయవచ్చు. అద్దె ఇంటికీ, పిల్లల గదికీ, దుమ్ము ఎక్కువగా ఉండే రోడ్డు పక్క ఇంటికీ ఇదే మేలు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇనుప రింగులు తుప్పు మరక దించుతాయి కాబట్టి ప్లాస్టిక్ రింగులే అడగండి. బ్రాకెట్ గోడ నుంచి కనీసం 4 అంగుళాలు ముందుకు ఉండాలి. లేకపోతే వెనక మడత గోడకు రాసుకుని, రెండేళ్లలో అదే గీతన నల్లబడుతుంది. పడకగదికి మాత్రం రింగులు అంతగా పనికిరావు. బట్ట రాడ్‌కు ముందూ వెనకా మెలి తిరుగుతూ పోతుంది కాబట్టి పైనుంచి వెలుతురు దిగుతూనే ఉంటుంది.

మూడు మడతల కుచ్చు పెట్టి, లోపల 4 అంగుళాల బక్రం (కుచ్చును నిలబెట్టే గట్టి పట్టీ) వేసి, హుక్కులతో తగిలించే కర్టెన్‌కు బట్ట ఎక్కువ పడుతుంది. ఒక్కో రెక్క మూసినప్పుడు 48 అంగుళాలు కప్పాలి. గోడవైపు తిరగడానికి 3, మధ్యలో రెండో రెక్క మీద ఎక్కడానికి 4 కలిపితే 55. రెండున్నర పన్నాలు తీసుకుంటే మడతలూ అతుకులూ పోగా 125 మిగులుతుంది. అందులో 55 పోను 70 అంగుళాలు కుచ్చుల పాలు. 12 కుచ్చులు పెడితే ఒక్కోదానికి దాదాపు 5.8 అంగుళాలు పడుతుంది, కుచ్చుకూ కుచ్చుకూ మధ్య దూరం 4.4 అంగుళాలు వస్తుంది. చేత్తో పట్టుకుంటే పిడికిట్లో నిండే కుచ్చు అది. మొత్తం 5 పన్నాలు, 15.2 మీటర్లు. రింగులకన్నా 3 మీటర్లు ఎక్కువ. సగం పన్నా ముక్కను ఎప్పుడూ గోడవైపే అతికించాలి. గది మధ్యకు వచ్చే అంచు దగ్గర అతుకు పడితే రోజూ కంటికి తగులుతుంది.

పెద్ద పువ్వుల డిజైను ఎంచుకుంటే ఇంకో లెక్క చేరుతుంది. పువ్వు ప్రతి 25 అంగుళాలకూ మళ్లీ వస్తుంటే 120 అంగుళాల ముక్కను 125 చేయాలి. అప్పుడే అతుకు దగ్గర పువ్వు పువ్వుతో కలుస్తుంది. 5 పన్నాలకు 15.9 మీటర్లు అవుతుంది. పోచంపల్లి ఇక్కత్‌తో కుట్టించేవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి. నూలుకు ముందే రంగు అద్ది నేసే బట్ట కాబట్టి డిజైను అంచులు కొద్దిగా చెదిరి ఉంటాయి. అదే దాని అందం. అతుకు దగ్గర గీతకు గీత కలవాలని పట్టుబట్టకుండా, అతుకును కుచ్చు లోపలికి దాచమని అడగండి. నిలువెత్తు గోడ ఉన్న డ్రాయింగ్ రూముకు మా ఓటు కుచ్చులకే. ఏళ్లు గడిచినా కుచ్చు జారదు, లైనింగ్ బరువును మోస్తుంది.

హోటల్ గదుల్లో ఎక్కువగా కనిపించేది వేవ్. ట్రాక్‌లో జారే గిలకలు దారంతో సమదూరంలో కట్టి ఉంటాయి. కర్టెన్ పైఅంచుకు కుట్టిన టేపు వాటికి తగులుకుంటుంది. బట్ట S అక్షరంలా ఒకే తీరున వంపులు తిరుగుతుంది. బట్ట రెండింతలు చాలు, అదే 12.2 మీటర్లు. తెరిచినప్పుడు సన్నగా ఒదిగిపోతుంది కాబట్టి గోడంతా అద్దం ఉన్న గదికి దీన్ని మించింది లేదు. అయితే వంపుకు లోతు కావాలి. ఫాల్స్ సీలింగ్‌లో ఒక్క పొరకు 6 అంగుళాలు, లోపల పలుచని షీర్ కూడా వేస్తే 10 అంగుళాల ఖాళీ వదలమని సీలింగ్ పనివాళ్లకు ముందే చెప్పాలి. 4 అంగుళాల సందులో వేవ్ ట్రాక్ బిగిస్తే వంపులు నలిగి, రెండు పొరలూ ఒకదాన్నొకటి లాగుతాయి. సీలింగ్ పూర్తయ్యాక ఈ తప్పు దిద్దాలంటే జిప్సం పగలగొట్టాల్సిందే.

ఇక బట్ట. పట్టు మెరుపుకు సాటి లేదు గానీ మన ఎండ దాని శత్రువు. పడమటి కిటికీకి లైనింగ్ లేకుండా పట్టు వేలాడదీస్తే సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు పోగు బలం తగ్గిపోతుంది. ముందు రంగు వెలుస్తుంది, తర్వాత మడత వెంబడి నిలువునా చీలుతుంది. పట్టే కావాలంటే లైనింగ్ తప్పనిసరి, గది మధ్యకు వచ్చే అంచు దగ్గర ఆ లైనింగ్ అంచుదాకా రావాలి. పట్టులా కనిపించే పాలిస్టర్ ఎండను ఎక్కువకాలం తట్టుకుంటుంది, ఉతికినా దాదాపు కుంచించుకుపోదు. లినెన్ చూడ్డానికి హాయిగా ఉంటుంది కానీ గాలిలో తేమ మారినప్పుడల్లా పొడవు మార్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల లినెన్ కర్టెన్‌ని నేలకు అర అంగుళం పైనే ఆపాలి. నూలూ లినెనూ కత్తిరించే ముందు తడిపి ఆరబెట్టాలి. 3 శాతం కుంచించుకుపోయినా 108 అంగుళాల మీద 3 అంగుళాలకు పైగా పొట్టి అవుతుంది.

పడకగదికి బ్లాకౌట్, అంటే వెలుతురు పూర్తిగా ఆపే కర్టెన్ కావాలంటే ముందువైపు బట్టకే పూత వేసింది కొనకండి. సూది పడ్డ ప్రతి చోటా చుక్కలా వెలుతురు వస్తుంది, వేడి ఇస్త్రీకి పూత ఊడుతుంది. వెనక విడిగా వేలాడే బ్లాకౌట్ లైనింగ్ మేలు, ఉతకడానికి విప్పుకోవచ్చు. హోటళ్లకు త్వరగా మంట అంటుకోని బట్ట అడుగుతారు. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 701, బ్రిటన్‌లో బీఎస్ 5867 పరీక్షల పేర్లు వినిపించేది అందుకే. పోగులోనే ఆ గుణం ఉన్న ట్రెవీరా సీఎస్ లాంటి పాలిస్టర్ ఎన్నిసార్లు ఉతికినా అలాగే ఉంటుంది. మామూలు నూలుబట్టను రసాయనంలో ముంచి ఇస్తే అది చాలావరకు ఉతుకుల్లో కొట్టుకుపోతుంది, మళ్లీ ముంచాలి. ఏడాది పొడవునా అతిథులు వచ్చిపోయే గదికి మొదటిదే సరైనది.

కర్టెన్‌కు తీసుకున్న బట్టనే సోఫాకు కూడా వేయమని చాలామంది అడుగుతారు. వద్దు. వేలాడే బట్టకు రాపిడి ఉండదు, కూర్చునే బట్టకు ఉన్నదంతా రాపిడే. సోఫా బట్టకు మార్టిన్‌డేల్ సంఖ్య, అంటే పరీక్షలో ఎన్ని రాపిళ్లకు తట్టుకుందో చెప్పే లెక్క చూడాలి. ఇంటికి 20,000, హోటల్ లాబీకి 40,000 ఉంటే నిశ్చింత. అదే రంగు కావాలంటే కర్టెన్ బట్టతో కుషన్లు కుట్టించుకోండి. రెక్సిన్ వేయించేటప్పుడు ఒక సంగతి: చవకరకం పాలీయురేథేన్ పూత మన తేమకు కొన్నేళ్లలోనే పెచ్చులుగా రాలుతుంది. నూనె రాసిన తల ఆనేచోటా, చేతులు పెట్టే చోటా మొదలవుతుంది. దాన్ని అతికించే మార్గం లేదు, మార్చాల్సిందే.

వెల్వెట్‌కు నూగు దిశ ఉంటుంది. కర్టెన్‌కైనా సోఫాకైనా అన్ని ముక్కలూ ఒకే దిశలో కత్తిరించాలి, ఒక్క ముక్క తిరగబడినా వేరే రంగులా కనిపిస్తుంది. బట్టంతా ఒకే తానులోంచి కోయించుకోండి, తర్వాత కొంటే రంగు కొద్దిగా తేడా వస్తుంది. కర్టెన్ తగిలించిన రోజున పూర్తిగా తెరిచి, కుచ్చులు చేత్తో సర్ది, పైనా మధ్యలో కిందా మెత్తటి గుడ్డ పీలికలతో వదులుగా కట్టి మూడు రోజులు వదిలేయండి. విప్పాక మడతలు వాటంతటవే అదే దారిలో పడతాయి.