డాస్‌బాక్స్‌లో టర్బో సి: తొమ్మిదేళ్ల వాడకం తర్వాత

నేను సి ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నది గుంటూరులో, చెప్పులు బయట విప్పి ఏసీ గదిలోకి వెళ్లే ల్యాబ్‌లో. ఇద్దరికి ఒక 486 కంప్యూటర్. అప్పుడు రాసిన ప్రోగ్రాంలను ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి హార్డ్‌డిస్క్‌కి మోసుకొస్తూనే ఉన్నాను. తొమ్మిదేళ్ల కిందట కొత్త ల్యాప్‌టాప్‌లో, ఆ ప్రోగ్రాంలు రాసి నడిపే పాత సాఫ్ట్‌వేర్ టర్బో సి తెరవబోతే విండోస్ ససేమిరా అంది. 64-బిట్ విండోస్‌లో 16-బిట్ ప్రోగ్రాంలు నడవవు కదా. అలా దించుకున్నది డాస్‌బాక్స్, కొత్త కంప్యూటర్‌లో పాత డాస్ కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రాం. ఉచితమే, కొన్ని ఎంబీలే. మన ఫోల్డర్‌ను దానికి డ్రైవ్‌గా చూపించే మౌంట్ కమాండ్లు రోజూ కొట్టే పని లేకుండా కాన్ఫిగ్ ఫైలు చివర్లో ఒకసారి రాసేస్తే, తెరవగానే టర్బో సి నీలం తెర వచ్చేస్తుంది.

మొదటి రోజే దెబ్బ తగిలింది. టర్బో సిలో ప్రోగ్రాం రన్ చేయాలంటే కంట్రోల్+ఎఫ్9. ఇన్నేళ్లయినా వేళ్లు మర్చిపోలేదు. డాస్‌బాక్స్‌లో అదే మీట డాస్‌బాక్స్‌నే మూసేస్తుంది! అడగడం, హెచ్చరించడం ఏమీ ఉండదు. గంటసేపు కొట్టిన కోడ్, ఎఫ్2 నొక్కి సేవ్ చేయనిది, గాల్లో కలిసిపోయింది. కంట్రోల్+ఎఫ్1 నొక్కితే కీ మ్యాపర్ వస్తుంది, ఆ మూసే మీటను అందులో వేరే చోటికి మార్చుకోవచ్చు. డాస్‌బాక్స్ పెట్టగానే ముందు ఈ పని చేయండి, మిగతావన్నీ తర్వాత.

నాకు బాగా నచ్చింది వేగం సంగతి. పాత బంతి ప్రోగ్రాం ఒకటుంది. బంతి నెమ్మదిగా కదలాలని మధ్యలో ఏ పనీ చేయకుండా ఊరికే తిరిగే ఖాళీ ఫర్ లూప్ పెట్టేవాళ్లం. డాస్‌బాక్స్ వేగాన్ని నిర్ణయించే సైకిల్స్‌ను మ్యాక్స్‌లో పెడితే బంతి కంటికి ఆనేలోపే ప్రోగ్రాం అయిపోతుంది. 3000లో పెడితే నత్తనడక. కంట్రోల్+ఎఫ్12తో పెంచుతూ, ఎఫ్11తో తగ్గిస్తూ పోతే 20,000 దాటాక ఎక్కడో మా ల్యాబ్ వేగం దొరికింది. ఇంత ఖరీదు పెట్టి కొన్న ప్రాసెసర్‌ని పనిగట్టుకుని నెమ్మది చేయడమేంటని మా ఆవిడ నవ్వింది.

మా అన్నయ్య కూతురు డిగ్రీలో చేరాక నా దగ్గరే ప్రాక్టీసు చేసేది. ఒకరోజు, "బాబాయ్, 8 ఫ్యాక్టోరియల్ మైనస్ 25216 వస్తోంది, నీ సాఫ్ట్‌వేర్ పాడైంది" అంది. పాడవలేదు. టర్బో సిలో ఇంట్ (పూర్ణాంకాలు దాచే రకం) అంటే 16 బిట్లే, 32767 దాటితే మైనస్‌లోకి తిరుగుతుంది. 8 ఫ్యాక్టోరియల్ అసలు విలువ 40320, అందులోంచి 65536 తీసేసి చూడమన్నాను. ఇంట్ బదులు ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ అని మార్చుకుంది. కొత్త కంపైలర్లలో ఈ తిప్పలు ఇంత తొందరగా రావు, పరీక్షకు కాకపోతే వాటిలోనే నేర్చుకోమంటాను.

చిన్న చికాకులు ఉన్నాయి. మౌస్ లోపల ఇరుక్కుపోతే కంట్రోల్+ఎఫ్10. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటితే తోక తెగి కనిపిస్తుంది. విండోస్ వైపు నుంచి ఫైలు కాపీ చేస్తే కంట్రోల్+ఎఫ్4 కొట్టేదాకా లోపల కనబడదు. అసలు లోటు ప్రింటింగ్. మామూలు డాస్‌బాక్స్‌లో అది లేదు, కావాలంటే డాస్‌బాక్స్-ఎక్స్ చూడండి. మాకు అంతదాకా అవసరం రాలేదు. కోడ్ నోట్‌ప్యాడ్‌లోంచి ప్రింట్ తీసేవాళ్లం, అవుట్‌పుట్‌కి కంట్రోల్+ఎఫ్5 కొడితే తెర బొమ్మ క్యాప్చర్ ఫోల్డర్‌లో పడేది. అన్నయ్య కూతురు రికార్డులో అతికించినవన్నీ అలా తీసినవే, ఆ మైనస్ 25216తో సహా.