సోలార్‌కి అప్పు: పేస్ మేలా, హోమ్ ఈక్విటీ లోన్ మేలా?

కాలిఫోర్నియాలో సొంతిల్లున్న మనవాళ్లు పైకప్పు మీద సోలార్ పెట్టించాలంటే పేస్ (PACE) అనే అప్పు పథకం పేరు వినిపిస్తుంది. 2008లో బర్క్‌లీ నగరం మొదలుపెట్టిన పద్ధతి ఇది. వాయిదాలు ఆస్తిపన్ను బిల్లులో కలిసి వస్తాయి. అప్పు మనిషిది కాదు, ఇంటిది. వినడానికి బాగానే ఉంది, కానీ బాకీ పడితే ఇంటి లోన్ కంటే ముందు పేస్ వాయిదాలే వసూలవుతాయి. అందుకే అలాంటి ఇళ్ల లోన్లు కొనొద్దని, బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థలైన ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్‌లకి 2010లోనే ఆదేశాలొచ్చాయి. ఇల్లు అమ్మేటప్పుడు అసలు టెన్షన్ అదే: కొనేవాళ్లు ముందు ఆ బాకీ తీర్చేయమంటారు.

హోమ్ ఈక్విటీ లోన్ అంటే ఇంట్లో మన వాటాని తనఖా పెట్టి తీసుకునే అప్పు. దీనికి మంచి క్రెడిట్ స్కోర్, ఇంటి విలువలో మనకంటూ కొంత వాటా కావాలి. అవి ఉంటే నేను దీన్నే తీసుకోమంటాను. దుకాణాలు, ఆఫీసు భవనాల సంగతి వేరు. అక్కడ మామూలుగా తనఖా బ్యాంకు ఒప్పుకున్నాకే పేస్ ఇస్తారు.